గోల్‌కీపర్ నిలబడే ఉండాలి

మొన్న కళ్లద్దాలు మార్చుకుందామని కొత్తపేటలో ఒక షాపుకు వెళ్లాను. షాపాయన ఫ్రేము నా ముఖానికి పెట్టి, అటూ ఇటూ తిప్పి చూసి, ఎడమ కనుబొమ్మ దగ్గర ఆగాడు.

"ఈడ జర ఎత్తుగుంది మేడం. ఫ్రేము ఒక దిక్కు ఒరుగుతుంది. ఏం దెబ్బ ఇది?"

"ఐస్ హాకీ ఆడుతుంటే తగిలింది."

"ఏ దేశంల?"

"గీడనే. పండ్ల మార్కెట్ ముందట."

ఆయన పరాచికమనుకుని గట్టిగా నవ్వాడు. నేనూ నవ్వాను. కానీ బయటికొచ్చాక మెట్రో మెట్లు ఎక్కబుద్ధి కాలేదు. హారన్ల మధ్య ఆ రోడ్డును చూస్తూ కాసేపు నిలబడ్డాను. మార్కెట్ ఇప్పుడు అక్కడ లేదు, ఊరి బయటికి తరలించేశారు. దాంతో పాటు ఆ వాసనా పోయింది.

ఆ వాసన గురించి ముందు చెప్పాలి. మేం గడ్డిఅన్నారంలో, మార్కెట్ వెనక సందులో కిరాయికి ఉండేవాళ్లం. మాకు క్యాలెండర్ అక్కర్లేదు. పొద్దున్నే కిటికీ తీస్తే మామిడి వాసన వచ్చిందంటే బడికి సెలవులు. సీతాఫలం వాసన వచ్చిందంటే దసరా దగ్గర పడినట్టు. వాన పడిన మర్నాడు మాత్రం కుళ్లిన బత్తాయి, తడిసిన వరిగడ్డి, లారీ డీజిలు కలిసి ఒక తియ్యటి కంపు. చుట్టాలు ముక్కు మూసుకునేవారు. మాకు అది ఇంటి వాసన.

నాన్న దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల షాపులో పనిచేసేవాడు. మాది పోచంపల్లి పక్కన మగ్గాల ఊరు. నాయనమ్మ మగ్గం వదిలి మాతో పట్నం వచ్చేసింది గానీ, ఆమె వేళ్లు మాత్రం ఆ పని వదల్లేదు. సిటీ బస్సులో ముందు సీటావిడ కొంగు రెండు వేళ్ల మధ్య నలిపి చూసి, అందరికీ వినపడేలా తీర్పు చెప్పేది. "పట్టు అని అమ్మిన్రా బిడ్డా నీకు? మోసం." ఆవిడ వెనక్కి తిరిగేసరికి నేను, ఈ ముసలామె ఎవరో నాకు తెలియనట్టు, కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండేదాన్ని.

నా లోకం మాత్రం ఇంటికి పది నిమిషాల నడకలో ఉన్న శాఖా గ్రంథాలయం. ముందు గదిలో పేపర్లు చదివే పెద్దవాళ్లు, వెనక గదిలో ఉద్యోగ పరీక్షలకు చదువుకునే అన్నలు, మధ్యలో ఎనిమిది బీరువాలు. మొదటి బీరువా ఎడమ చివర మొదలుపెట్టి వరసగా చదువుకుంటూ పోవాలని పదో ఏట నిర్ణయించుకున్నాను. ఏది చదవాలో చెప్పేవాళ్లు ఇంట్లో లేరు కాబట్టి ఏదీ వదలకపోవడమే పద్ధతి అనుకున్నాను. తేనెటీగల పెంపకం, బావుల తవ్వకం, గ్రహాలు, కుట్టుపని, అన్నీ అయ్యాయి. నీళ్లలో కాలు పెట్టకుండానే ఈత మీద మూడు పుస్తకాలు పూర్తి చేశాను. ఇప్పటికీ అందుకు గర్వమే.

ఐదో బీరువాలో దొరికింది ఆ పుస్తకం. అట్ట లేదు, మొదటి పేజీలు లేవు, చివరి పేజీలు చెదలు తిన్నాయి. ఇంగ్లీషు. మధ్యలో మిగిలింది ఒక మనిషి జీవితం. ఆయన ఐస్ హాకీ గోల్‌కీపర్.

"ఐస్ హాకీ అంటే ఏంది సార్?" అని లైబ్రేరియన్‌ను అడిగాను.

ఆయన కళ్లద్దాల పైనుంచి చూశాడు. "నాకేం ఎరుకమ్మా. చదివి నువ్వే నాకు చెప్పు."

ఆ మాట నన్ను ఎంత ఎత్తుకు లేపిందో ఆయనకు తెలియదు. డిక్షనరీ పక్కన పెట్టుకుని రెండు నెలలు చదివాను. ఆ గోల్‌కీపర్ ఊళ్లో చలికాలం నది గడ్డకట్టేది. పిల్లలు దాని మీద నడిచి బడికి పోయేవారు. నేనెరిగిన ఐసు చెరకురసం బండి మీద గోనెసంచిలో చుట్టిన ముక్క ఒక్కటే. నది నదంతా అలా ఉండటం ఊహించుకోవడానికి, చాదర్‌ఘాట్ వంతెన మీద బస్సు ఆగినప్పుడు మూసీ వైపు చూసేదాన్ని. మూసీ ఏమీ సాయం చేసేది కాదు.

ఆయన పెద్దయ్యాక ఒక ఆఫీసులో గుమాస్తా అయ్యాడు. పగలంతా కాగితాలు నింపి, సాయంత్రం కోటు విప్పి గోల్‌లో నిలబడేవాడు. ఎవరివో క్రికెట్ ప్యాడ్లు అడిగి తెచ్చుకునేవాడు. ముఖానికి ఏ అడ్డూ లేదు. ముందు పళ్లు రెండు ఊడిన మర్నాడు కూడా నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని ఆఫీసుకు వెళ్లాడు. ఆటకు పైసా పుచ్చుకోలేదు, ఇస్తామన్న జట్టుకు పోలేదు. అలాంటివాళ్లను అమెచ్యూర్ అంటారని నేర్చుకున్నాను. ఆయన పెళ్లి దగ్గర చెదలు మొదలయ్యాయి. యుద్ధానికి పిలుపు వచ్చిన చోట పుస్తకం అయిపోయింది. తిరిగొచ్చాడో లేదో నాకు నేటికీ తెలియదు.

అందులో నన్ను పట్టుకున్నది ఒక నియమం. గోల్‌కీపర్ కూర్చోరాదు, మోకాళ్లు ఆనించరాదు, పడుకోరాదు. ఎంత బలంగా కొట్టినా నిలబడే ఆపాలి. కిందికి దిగితే రెండు నిమిషాలు గోల్ ఖాళీగా వదిలేసి బయట ఉండాలి. ఇంత గౌరవమున్న పని ఇంకొకటి లేదనిపించింది. నోటుబుక్కులో ఎర్ర ఇంకుతో రాసుకున్నాను.

ఆ ఏడే సమ్మె మొదలైంది. బడులు బందు, బస్సులు బందు, ఆఫీసులు బందు. మా ఇంటి అరుగు మీద పొద్దున ఒక సభ, సాయంత్రం ఒక సభ. రాష్ట్రం వస్తుందా రాదా అని చాయ్ చల్లారేదాకా వాదించుకునేవారు. నాయనమ్మ చింతపండు గింజలు తీస్తూ మధ్యలో ఒక మాట వేసేది. "అరవై తొమ్మిది లొల్లిల మీ నాయిన నా కడుపుల ఉండె. గప్పుడు గూడ గిట్లనే బస్సులు ఆగినయి. నేను నడిచి దవాఖానకు పోయిన. ఈసారన్న అయితే మంచిగుండు." ఆ మాటతో ఆ పూటకు సభ లేచేది.

బందు రోజు విజయవాడ పోయే ఆ పెద్ద రోడ్డు మీద ఒక్క లారీ ఉండేది కాదు. కాకులు మధ్య గీత మీద తీరిగ్గా నడిచేవి. దాన్ని ఆటస్థలంగా మొదట చూసింది మా సందు చివర ఆడపిల్లల హాస్టల్ నడిపే ఆంటీ కూతురు. వాళ్లది గుంటూరు వైపు. కోచింగ్ సెంటర్లు మూతపడి హాస్టల్ ఖాళీ అయింది. ఆంటీ గేటుకు గొలుసు వేసి రోజంతా టీవీ ముందు దిగులుగా కూర్చునేది. ఆ పిల్ల గేటు దూకి వచ్చేది. ఎండాకాలం క్యాంపులో స్కేటింగ్ నేర్చుకుంది. నేను ఐస్ హాకీ గురించి చెప్పిన అరగంటలో జట్టు తయారు చేసి, తనే కెప్టెన్ అయింది.

"ఐస్ లేదు కదనే?" అన్నాను.

"చక్రాలున్నాయిగా. రూల్స్ నువ్వు చెప్పు, మిగతాది నేను చూసుకుంటా."

మామిడిపళ్ల పెట్టెల చెక్కలు వెదురు కర్రలకు కొట్టి బ్యాట్లు చేశాం. బంతి బదులు, పంక్చర్ షాపాయన లారీ టైరు నుంచి గుండ్రంగా కోసిచ్చిన ముక్క. రెండు పండ్ల పెట్టెలు నిలబెట్టి, బత్తాయిల వల సంచులు కుట్టి వాటి మధ్య కట్టి గోల్ చేశాం. మేం ఐదుగురం, సందు మొత్తం మీద స్కేట్లు నాలుగు జతలు. నాకు లేవు, కొనమని ఇంట్లో అడగలేదు. గోల్‌కీపర్‌కు కాన్వాస్ బూట్లు చాలు. అంటే గోల్‌లో ఉంటేనే నేను ఆటలో ఉన్నట్టు. ఈ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనేవారు కాదు.

ప్యాడ్లు నాయనమ్మ కుట్టింది. ఎలా ఉండాలో నేను బొమ్మ గీసి చూపిస్తే చాలాసేపు చూసింది.

"ఎవడు కనిపెట్టిండే గీ ఆట? కాళ్లకు పరుపులు కట్టుకొని నిలబడుడా?"

"ఐసున్న దేశపోళ్లు."

"చలికి కట్టుకున్నరేమో. మంచిగ చదివినవా లేదా?"

చిరిగిన పాత చీరల్లో మార్కెట్ వరిగడ్డి దట్టించి బొంత కుట్టినట్టు కుట్టింది. ఎరుపు మీద తెల్లటి వజ్రాల బొమ్మలు. ఎడమ కాలి మీద బొమ్మ కుడికాలి కన్నా రెండు వేళ్లు పైకి వచ్చిందని మొత్తం విప్పి మళ్లీ మొదలుపెట్టింది. "ఆపుడు గీపుడు నాకు తెల్వది. రెండు కాళ్లకు బొమ్మ ఒక్క తీరుగ రావాలె."

వచ్చిన చిక్కల్లా ఒకటే. కింద నుంచి జారుకుంటూ వచ్చేవి నేను ఆపలేకపోయేదాన్ని. నిటారుగా నిలబడి కాళ్లు దగ్గరికి చేర్చేలోగా ముక్క గోల్‌లో ఉండేది. కెప్టెన్ ఒకరోజు నన్ను నెట్ సెంటర్‌కు లాక్కుపోయి ఒక వీడియో చూపించింది.

"చూడు! వాళ్లందరూ మోకాళ్ల మీద పడి ఆపుతున్నారు. నువ్వెందుకే స్తంభంలా నుంచుంటావ్?"

నేను తడుముకోలేదు. "వాళ్లు పైసలకు ఆడేటోళ్లు. వాళ్లు పడొచ్చు. మనం అమెచ్యూర్లం, పడొద్దు."

"ఎక్కడుంది ఆ సంగతి?"

"పుస్తకంలో."

నిజానికి పుస్తకంలో అలా లేదు. రెండు సంగతులు పక్కపక్కన చదివి నేనే కలిపి కుట్టుకున్నాను. పుస్తకానికి వయసుంటుందని, అందులోని రూల్స్ ఎప్పుడో మారిపోయి ఉండొచ్చని నాకు తట్టనే లేదు. అచ్చులో ఉంటే ఉన్నట్టే.

అలా ఉండగా ఎల్బీనగర్ వైపు నుంచి ఒక జట్టు వచ్చింది. స్కేటింగ్ క్లాసు పిల్లలు. తలకు హెల్మెట్లు, చేతుల్లో కొన్న బ్యాట్లు. మార్కెట్ ముందు రోడ్డు కొత్తగా వేశారు, అద్దంలా ఉండేది. వాళ్ల కన్ను దాని మీద పడింది.

"గీ రోడ్డు మాది. మా సందు ముందట్నే ఉంది," అన్నాను.

వాళ్ల కెప్టెన్ పొడుగు పిల్లాడు. "సందు మీది అక్కా. రోడ్డు నేషనల్ హైవే."

చివరికి మ్యాచ్ ఆడాలని, గెలిచినవాళ్లకే బందు రోజుల్లో ఆ రోడ్డని ఒప్పుకున్నాం. వాళ్లు వెళ్లాక మా కెప్టెన్ నా పక్కన అరుగు మీద కూర్చుంది. నా ముఖం చూడకుండా స్కేటు చక్రం తిప్పుతూ చెప్పింది.

"ఓడిపోతే గోల్‌లోకి మా తమ్ముణ్ణి పెడతానే. ఏమనుకోకు. వాడు కిందపడతాడు కనీసం."

నేను సరేనన్నాను. ఇంకేమంటాను?

మ్యాచ్ రోజు రోడ్డు మీద వంటావార్పు. రోడ్డును ఆపి, దాని మీదే పొయ్యిలు పెట్టి, వండుకుని, అందరూ కూర్చుని తినే నిరసన. పొద్దున్నే రాళ్ల పొయ్యిల మీద బగారన్నం వండే పెద్ద గంజులు ఎక్కాయి. కట్టెల పొగ, వేగుతున్న ఉల్లిగడ్డ, సాజీర, పుదీన. నాయనమ్మ ఒక పొయ్యి దగ్గర కుర్చీ వేయించుకుని మసాలా తానే చూసుకుంటానని పంతం పట్టింది. రోడ్డు ఆగిపోవడంతో ఒక ఐస్ లారీ మధ్యలో ఇరుక్కుంది. మధ్యాహ్నానికల్లా లారీ కింద నుంచి నీళ్లు కారడం మొదలైంది. డ్రైవరు తల పట్టుకుని కూర్చున్నవాడల్లా లేచి, "ఎట్లన్న కరిగేదే, తీస్కోండి," అని రంపపు పొట్టు దులిపి రెండు దిమ్మెలు దింపించాడు. ఒకటి మజ్జిగ డ్రమ్ములోకి పోయింది. రెండోదాని మీద మేం పదిమందిమీ వంతులవారీగా చెప్పులు విప్పి నిలబడ్డాం. ఎల్బీనగర్ కెప్టెన్ హెల్మెట్‌తో సహా వెల్లకిలా పడ్డాడు. నా జీవితంలో నేను ఐసు మీద నిలబడింది ఆ నాలుగు క్షణాలే.

రెఫరీగా రిటైరైన డ్రిల్లు సారు దొరికాడు. వంటావార్పుకు ఆయనే పెద్ద. ఈల ఆయన మెడలో ఎప్పుడూ ఉండేది.

"మీ రూలేంది?" అన్నాడు.

నేను ఎర్ర ఇంకు పేజీ చదివాను. అవతలివాళ్లు గొల్లుమన్నారు. "ఏ కాలంల ఉన్నవక్కా? గోల్‌కీపర్ పడొచ్చు!"

"నవ్వకుండ్రి," అన్నాడు సారు. "ఎవరి గోల్ దగ్గర వాళ్ల రూలు. సరేనా? ఎంతసేపు ఆడుతరు?"

గడియారం ఎవరి దగ్గరా లేదు. ఆయనే పొయ్యి వైపు చూశాడు. "బగారన్నం దించేదాక."

ఆట మొదలైంది. వాళ్లు ఒకటి వేశారు, మా కెప్టెన్ ఒకటి వేసింది. వాళ్లు ఇంకొకటి వేశారు, కింద నుంచే. కెప్టెన్ నా వైపు చూడలేదు, అదే ఎక్కువ బాధ. తర్వాతి దెబ్బ గాల్లో వచ్చింది. చేతులు లేచేలోగా ముఖమే అడ్డం పెట్టాను. కన్ను మీద ఏదో వెచ్చగా కారింది. నాయనమ్మ గరిటె వదిలేసి పరిగెత్తుకొచ్చింది.

"కన్నున్నదా పోయిందా? తెరువు. నన్ను చూడు. ఎన్ని వేళ్లు?"

"మూడు."

"ఉన్నది." గంజు పక్కన డబ్బాలోంచి పసుపు తీసి అద్ది, కొంగు అంచు చించి తలకు కట్టింది. "ఇంటికి నడువు."

"పోను. పోతే మళ్ల నన్ను ఆడనియ్యరు."

నాయనమ్మ ఒకసారి నన్ను, ఒకసారి కెప్టెన్‌ను చూసింది. పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

మా కెప్టెన్ రెండోది వేసింది. రెండు, రెండు. అప్పుడే పొయ్యి దగ్గర నుంచి కేక. "అయిపాయె! దించుతున్నం!"

అదే క్షణంలో వాళ్ల పొడుగు పిల్లాడు కొట్టాడు. నేల మీద, నా కుడివైపు. నా మోకాళ్లు రెండూ ముడుచుకుని రోడ్డుకు తగిలాయి. ముక్క ప్యాడ్‌కు కొట్టుకుని ఆగిపోయింది. గోల్ కాలేదు. జనం ఈలలు వేశారు, కెప్టెన్ వచ్చి నన్ను వాటేసుకుంది. ఓడిపోలేదు. నా గోల్ నాకు మిగిలింది.

నేను చెయ్యెత్తాను.

"ఏమైంది?" అన్నాడు సారు.

"పడ్డ సార్. మా రూల్ ప్రకారం ఫౌల్."

"ఐసు నీళ్లల్ల జారినవ్, గంతే."

నిజమే, లారీ నీళ్లు నా కాళ్ల దాకా వచ్చాయి. అవునంటే అయిపోయేది. కానీ బూటు జారిందో, మనిషే వంగిందో, వంగినవాళ్లకు తెలియదా?

"జారలేదు సార్. వంగిన. రెండు నిమిషాలు గోల్ వదిలిపెట్టాలె."

"నీకేమైనా పిచ్చా?" కెప్టెన్ అరిచింది. "ఎవరడిగారే నిన్ను?"

సారు పొయ్యి వైపు తిరిగి చెయ్యి ఊపాడు. "రెండు నిమిషాలు ఆపుండ్రి! దించకుండ్రి!"

"అడుగంటుతది సారూ!"

"అంటనియ్యి! తన తప్పు తనే ఒప్పుకున్నదీ పిల్ల. మీ అన్నం ఆగదా?"

నేను వెళ్లి మజ్జిగ డ్రమ్ము పక్కన నిలబడ్డాను. మా నలుగురూ ఖాళీ గోల్ ముందు గోడ కట్టారు. సారు పైకి లెక్కపెడుతుంటే నిమిషమున్నర ఆపారు. తర్వాత గోల్ పడిపోయింది. మూడు, రెండు.

ఆ రోజు బగారన్నం అడుగంటింది. రోడ్డు మీద వరసగా తినడానికి కూర్చున్న వాళ్లందరూ మాడు వాసన అంటూనే రెండోసారి పెట్టించుకున్నారు. నాయనమ్మ నాకూ కెప్టెన్‌కూ పక్కపక్కన విస్తర్లు వేసింది. కెప్టెన్ అన్నం కలుపుతూ అంది. "చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు." నోట్లో అన్నం ఉందని తల మాత్రం ఊపాను.

వారం రోజులు నేను సందు దాటలేదు. ప్యాడ్లు మేకుకు వేలాడాయి. తర్వాతి బందు పొద్దున సందులో స్కేట్ల చప్పుడు వినిపించింది. గుమ్మంలో మా కెప్టెన్, పక్కన ఎల్బీనగర్ పొడుగు పిల్లాడు.

"రోడ్డు మాదే," అన్నాడు వాడు ముందుగానే. "కాని మాతోని మేమే ఎంతసేపు ఆడుతం? రోజు సారు రాడు గద. గోల్ పడ్డదా లేదా అని కొట్లాటనే అయితుంది. అక్క ఏది చెప్తే అది. మాకు ఓకే."

"మరి మీ తమ్ముడు?" అని కెప్టెన్‌ను అడిగాను.

"వాడా? గోల్ పడినా పడలేదంటాడు. వాణ్ణెవడు నమ్ముతాడే?" అని, వెనక దాచి తెచ్చిన వాళ్లమ్మ స్కూటీ హెల్మెట్ తీసి నా ఒళ్లో పడేసింది. "పుస్తకంలో లేదని తెలుసు. నోర్మూసుకుని పెట్టుకో."

పెట్టుకున్నాను. అది వదులై కళ్ల మీదికి జారేది. ఆ రోజు లెక్కలేనన్ని గోల్స్ వదిలాను. గోల్‌కీపర్‌ను మార్చమని ఎవరూ అనలేదు.

ఆ సమ్మె రోజుల్లో ఎందరో ఎంతో పోగొట్టుకున్నారని పెద్దయ్యాక చదివి తెలుసుకున్నాను. షాపు మూతపడిన ఆ నెలల్లో నాన్న పాలు మానేసి నల్ల చాయ్ ఎందుకు తాగాడో కూడా అప్పుడే అర్థమైంది. నాకు మాత్రం ఆ రోజులు ఇచ్చినవే గుర్తుండిపోయాయి. అందుకు కొంచెం సిగ్గుగా ఉంటుంది, చాలా కృతజ్ఞతగా కూడా.

ఒకరోజు సమ్మె ఆగిపోయింది. ముందు చెప్పలేదెవరూ. పొద్దున మేం బ్యాట్లు పట్టుకుని వెళ్లేసరికి దిల్‌సుఖ్‌నగర్ వైపు నుంచి మొదటి బస్సు వస్తోంది. కండక్టరు ఫుట్‌బోర్డు మీద నిలబడి చెయ్యి ఊపాడు. నాయనమ్మ కూడా చూడ్డానికి వచ్చింది. బస్సు సరిగ్గా మా రెండు పెట్టెలు పెట్టుకునే చోటు మధ్యలోంచి దూసుకుపోయింది.

"గోల్," అంది కెప్టెన్.

అందరూ నా వైపు చూసి నవ్వారు, నేను కూడా నవ్వాను. తర్వాత వెళ్లిపోతున్న బస్సుకు చప్పట్లు కొట్టాం.